ఐదు సున్నాలు

"నాలుగింటికి ఆ పిల్లని తీసుకుపోతున్నాను బావా. ఇప్పుడు రెండూ ఐదయింది. ఇది అక్క మొహం చూసి ఇస్తున్న గడువు. నీ మొహం చూసి కాదు."

ఇన్‌స్పెక్టరు ఆ మాట వార్డు బయట వరండాలో అందరికీ వినపడేట్టే అన్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు నేలచూపులు చూశారు. ఎక్స్‌రే కవర్లు పట్టుకుని బెంచీ మీద కూర్చున్న నలుగురూ తలలు తిప్పారు. డిటెక్టివ్ తాపీగా చొక్కా చెయ్యి పైకి లాగి వాచీ చూసుకున్నాడు.

"రెండూ ఏడు," అన్నాడు. "గడువు పెట్టేవాడివి, ముందు టైము సరిచేసుకో."

పోలీసు శాఖలో పంతొమ్మిదేళ్లు పనిచేసిన కాలంలో అతనికి గడియారం అని పేరు పడింది. ఎవరు చేశారని కాదు, ఎన్నింటికి చేశారని అడిగేవాడు. ఉద్యోగం వదిలి సొంతంగా పరిశోధనలు మొదలుపెట్టాక కూడా ఆ పేరు అతన్ని వదల్లేదు. అతను ఖాళీ చేసిన కుర్చీలో ఇప్పుడు కూర్చున్నది సొంత బావమరిది. ఆ కుర్చీ కోసం బావమరిది పైవాళ్ల చెవిలో ఏం ఊదాడో గడియారానికి తెలుసు. తెలుసని బావమరిదికీ తెలుసు. ఏ పెళ్లిలోనైనా ఒకరు భోజనానికి కూర్చుంటే, లేచి చెయ్యి కడుక్కునేదాకా రెండోవారు ఆ గదిలోకి రారు.

కేసు చూడటానికి చాలా చిన్నది. అందుకే గడియారానికి నచ్చలేదు.

నిన్న గురువారం. ఊపిరితిత్తుల వార్డులో తొమ్మిదో పడక మీద రిటైరైన సైన్సు మాస్టారు ఒకాయన, ముక్కుకీ నోటికీ ఆక్సిజన్ మాస్కుతో పడుకుని ఉన్నాడు. ఆయనకి పెన్సిలిన్ పడదు. ఆ సంగతి ఆసుపత్రి కంప్యూటర్‌లో ఆయన పేరు పక్కన ఎర్రగడిలో రాసి ఉంది. ఏడూ నలభైరెండుకి ఆ ఎర్రగడిని ఎవరో చెరిపేశారు. ఏడూ నలభైనాలుగుకి పెన్సిలిన్ ఇంజక్షన్ రాశారు. ఎనిమిదీ పదికి నర్సు ఇచ్చింది. తెర మీద ఎరుపు లేదు, మాస్కు వెనక మనిషికి మాట లేదు. ఎనిమిదీ పంతొమ్మిదికి మాస్టారు పోయారు.

చెరిపినదీ, రాసినదీ ఒకే లాగిన్ మీద. అది ఈ వార్డులో పనిచేస్తున్న రెండో ఏడాది పీజీ డాక్టరమ్మది. ఆ అమ్మాయి అక్క నిన్న సాయంత్రం గడియారానికి ఫోన్ చేసి ఏడవలేదు, బతిమాలలేదు. ఒక్కటే చెప్పింది. మా చెల్లెలు ఇంటికి తాళం వేసి సగం మెట్లు దిగి మళ్లీ వెనక్కొచ్చి లాగి చూస్తుందండీ, మందు రాసేటప్పుడు చూడదా అంది. ఆసుపత్రిలో కూడా ఆ పిల్లని అందరూ 'రెండుసార్లు' అనే పిలుస్తారట.

"ఒక పని చెయ్యి," అన్నాడు గడియారం. "ముందు ఆ లాగిన్ మూయించు. ఎవరూ దాంతో ఏమీ రాయకుండా."

"అది నా సాక్ష్యం. దాన్ని ముట్టుకోవద్దని కంప్యూటర్ సెక్షన్‌కి నేనే కాగితం ఇచ్చాను. ఎలా ఉన్నది అలా ఉంటుంది."

"తెరిచి ఉన్న తలుపుని సాక్ష్యం అనరు."

"ఏమంటారో చెప్పడానికి నీకిప్పుడు నక్షత్రాలు లేవు బావా," అని ఇన్‌స్పెక్టరు పక్కకి తప్పుకుని దారి ఇచ్చాడు. ఆ ఇవ్వడంలో కూడా భుజం తగిలించాడు.

*

డ్యూటీ డాక్టర్ల గదికీ వార్డుకీ మధ్య గాజు తలుపు. గదిలో గోడవారగా మూడు కంప్యూటర్లు, ఒక మడత మంచం, కొక్కేలకి తెల్లకోట్లు. గోడకి అతికించిన కాగితాల్లో ఒకదాని మీద చేత్తో గీసిన పట్టిక. పైన 'పాయింట్లు' అని ఉంది. కింద సోమవారం జూనియర్, మంగళవారం సీనియర్, బుధవారం రెండుసార్లు, మళ్లీ జూనియర్, మళ్లీ సీనియర్. గడియారం దాన్ని చదివి పక్కన పెట్టుకున్నాడు, మనసులో.

రెండుసార్లు నిన్న వేసుకున్న బట్టల్లోనే ఉంది. కుర్చీలో కూర్చోలేదు, గోడకి ఆనుకుని నిలబడింది.

"మీరు మా అక్క పంపిన మనిషా? అక్క అనవసరంగా డబ్బు తగలేస్తోంది. పొద్దున్నుంచి పదకొండుసార్లు చెప్పాను. పన్నెండోసారి చెప్పే ఓపిక లేదు."

"ఏం జరిగిందో నేనడగను. నిన్న ఎన్నింటికి వచ్చావు?"

ఆమె చిరాగ్గా చూసింది. అయినా టైములు అడిగితే చెప్పకుండా ఉండలేని మనిషి. ఆరూ పదికి వచ్చానంది. రాగానే మూడు కంప్యూటర్లూ తన లాగిన్‌తో తెరిచానంది. మూడూ ఎందుకని అడిగితే, తెలివితక్కువ ప్రశ్న విన్నట్టు ఊపిరి వదిలింది. ఒక్కో కంప్యూటర్ తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు. ముప్ఫై ఆరు పడకలు, ముగ్గురు డాక్టర్లు, గురువారం తొమ్మిదింటికల్లా పెద్ద డాక్టరుగారు రౌండ్సుకి వస్తారు. ఎవరికి వారు తెరుచుకుంటూ మూసుకుంటూ కూర్చుంటే రోగిని చూసేదెప్పుడు? అందుకని ముందు వచ్చినవాళ్లు మూడూ తెరిచేస్తారు. ఆ రోజల్లా ముగ్గురూ ఆ పేరు మీదే రాసుకుంటారు. ఈ వార్డులో పదేళ్లుగా ఇదే అలవాటు. ఈ మధ్య రోజూ ముందొచ్చేది తనేనంది.

"అంటే నిన్న ముగ్గురూ నువ్వే."

"కంప్యూటర్ దృష్టిలో అంతే."

"ఏడూ నలభైరెండుకి ఎక్కడున్నావు?"

"లిఫ్టులో. మూడో పడక పేషెంటుని స్కానింగ్‌కి తోసుకెళ్తున్నాను. ఏడూ ముప్ఫై ఎనిమిదికి బయల్దేరాను. లిఫ్టు ఆగింది. స్కానింగ్ రిజిస్టర్లో ఏడూ యాభై ఐదు అని ఉంది. మధ్యలో పదిహేడు నిమిషాలు నన్ను చూసినవాడు ఆ పేషెంటొక్కడే. ఆయనకి తెలివి లేదు. సరిపోయిందా? మీ ఇన్‌స్పెక్టరు దీనికే పగలబడి నవ్వాడు."

మిగతా ఇద్దరు డాక్టర్లలో జూనియర్ ఆ సమయంలో బ్లడ్ బ్యాంకు దగ్గర వరసలో ఉన్నాడు, సంతకం ఉంది. సీనియర్ తాను వార్డులో రోగుల్ని చూస్తున్నానని, గాజు తలుపులోంచి ఈ అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని ఉండగా చూశానని వాంగ్మూలం ఇచ్చాడు. అది చెప్తున్నప్పుడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడట కూడా.

"సీనియర్‌కీ నీకూ గొడవలున్నాయా?"

"లేవు. చెల్లెమ్మా అంటాడు. పని నేర్పాడు." ఆమె గోడని వదిలి ఒక అడుగు ముందుకు వేసింది. "చూడండి. నాకే పెన్సిలిన్ పడదు. తొమ్మిదేళ్లప్పుడు సూది వేయించుకుని నీలంగా అయిపోయాను. ఆ ఎర్రగడి చూడకుండా నేను ఎవరికీ సెలైను కూడా రాయను. అలాంటిదాన్ని, చెరిపేస్తానా?"

అప్పుడే గాజు తలుపు తోసుకుని సీనియర్ వచ్చాడు. సన్నగా, శుభ్రంగా ఉన్నాడు. చేతిలో నీళ్ల గ్లాసు. ముందు తాగు చెల్లెమ్మా అని ఆమె చేతికిచ్చి, గడియారం వైపు తిరిగాడు. రోజుల తరబడి సరైన నిద్ర లేకుండా పనిచేస్తే ఎంతటివాళ్లకైనా చెయ్యి జారుతుంది సార్ అన్నాడు. ఇది కావాలని చేసింది కాదని కోర్టుకి తానే వచ్చి చెప్తానన్నాడు.

చేయలేదని అనడం లేదు, జారిందంటున్నాడు. గడియారం ఆ తేడా గమనించి, పైకి మాత్రం గోడ వైపు వేలు చూపించి ఆ పాయింట్ల కాగితం ఏమిటని అడిగాడు.

"అదా సార్, క్యారమ్స్," సీనియర్ నవ్వాడు. "ఖాళీ దొరికితే ఆడుకుంటాం. ఎవరి రోజు వాళ్లు లెక్క రాస్తారు."

ఆ పిల్ల ఏదో అనబోయింది. గ్లాసు ముందు జారింది, తర్వాత ఆమె జారింది. నిన్నటి నుంచి ఏమీ తినలేదు. సీనియరే ఎత్తుకెళ్లి ఖాళీగా ఉన్న నాలుగో పడక మీద పడుకోబెట్టాడు, చేతికి సెలైను పెట్టించాడు, తెరలు లాగించాడు. టైము రెండూ ముప్ఫై ఎనిమిది. ఆమె పేరు కూడా వార్డు లిస్టులోకి ఎక్కింది, ముప్ఫై ఐదో రోగిగా. నర్సు అడిగితే కళ్లు మూసుకునే తన ఎలర్జీ చెప్పింది. నర్సు ఎర్రగడి నింపింది.

ఇన్‌స్పెక్టరు ఒక కానిస్టేబుల్ని తెర బయట స్టూలు మీద కూర్చోబెట్టాడు. "నటన బాగుంది," అన్నాడు. "స్పృహ తప్పినవాళ్లని స్ట్రెచర్ మీద కూడా అరెస్టు చేయొచ్చు బావా. నాలుగంటే నాలుగే."

*

తొమ్మిదో పడక దుప్పటి తీసేసి ఉంది. రెక్సిన్ పరుపు, పక్కన చిన్న అలమర. మాస్టారి వస్తువులు ఒక ప్లాస్టిక్ కవర్లో మూట కట్టి, మీద చీటీ పెట్టారు. కళ్లజోడు, చెప్పుల జత, ఫోను, ఒక నోటుపుస్తకం. పుస్తకం ఎవరైనా విప్పి చూశారా అని గడియారం అడిగితే, జ్వరం లెక్కలు తప్ప అందులో ఏం లేదని ఇన్‌స్పెక్టరు విసుక్కున్నాడు.

నిజంగానే జ్వరం లెక్కలే. సైన్సు పాఠాలు చెప్పిన చెయ్యి, గళ్లు గీసి రాసింది. తేదీ, టైము, ఎవరు వచ్చారు, ఏం చేశారు. కాని ఆరో పేజీ నుంచి పక్కన ఇంకో గడి మొదలైంది. దాని పేరు 'వాళ్లు రాసింది'.

ఈ ఆసుపత్రిలో రోగులు తమ రిపోర్టులు ఫోనులోనే చూసుకోవచ్చు. ఎవరూ చూడరు. మాస్టారు చూశారు. రోజూ రాత్రి తన లెక్కని వాళ్ల లెక్కతో పోల్చుకున్నారు. ఊపిరి ఊదించే పరీక్ష తనకి అయిదు రోజులు వరసగా చేసినట్టు, రోజురోజుకీ మెరుగైనట్టు అంకెలతో సహా అక్కడ ఉంది. ఆయన గడిలో మాత్రం అయిదు రోజులూ ఒకటే మాట. 'ఎవరూ ఊదించలేదు.' చివరి పేజీలో రెండు వాక్యాలు. 'మంగళవారం పొద్దున డ్యూటీ డాక్టరునే అడిగాను, కంప్యూటర్ పొరపాటు అన్నారు. గురువారం పెద్ద డాక్టరుగారు రౌండ్సుకి వచ్చినప్పుడు అడగాలి.'

గురువారం రౌండ్సు తొమ్మిదింటికి. మాస్టారు పోయింది దానికి నలభై ఒక్క నిమిషాల ముందు.

గడియారం నోరు విప్పేలోపు పుస్తకం అతని చేతిలోంచి లేచిపోయింది. ఇన్‌స్పెక్టరు చివరి పేజీ చదివాడు, ముందుకెళ్లి చదివాడు, మళ్లీ చివరికి వచ్చాడు. జేబులోంచి నిన్న తీయించిన కాగితాల కట్ట తీసి వేలితో వెతికాడు. మొహం విప్పారింది.

"ఆ దొంగ పరీక్షలు ఎవరి లాగిన్ మీద ఉన్నాయో తెలుసా? అయిదుకి అయిదూ నీ రెండుసార్లు మీదే. అది చేసిన మోసం ముసలాయన పట్టుకున్నాడు, అది చంపింది. పొద్దున్నుంచి నా దగ్గర అన్నీ ఉన్నాయి, ఎందుకు చంపిందన్నది ఒక్కటే లేదు. నీ చేత్తో నువ్వే తెచ్చి ఇచ్చావు." నోటుపుస్తకంతో గడియారం గుండె మీద మెల్లగా రెండు దెబ్బలు వేశాడు. "అక్కకి చెప్తాలే, బావ ఈ ఏడాది ఒక మంచి పని చేశాడని."

"లాగిన్ ముగ్గురిదీ అని చెప్పింది."

"ఏ దొంగ చెప్పడు, ఇంటి తాళం అందరి దగ్గరా ఉందని?"

టైము మూడూ పన్నెండు.

*

కంప్యూటర్ సెక్షన్ రెండంతస్తుల కింద ఉంది. దొంగ పరీక్షల కాగితం ప్రింటు తీయించుకోవడానికి ఇన్‌స్పెక్టరు వెళ్తుంటే గడియారం కూడా వెంట నడిచాడు. లిఫ్టు ఆగి ఉంది. ఇద్దరూ మెట్లు దిగారు.

సెక్షన్ చూసే ఆవిడ నడివయసు మనిషి. ఇద్దర్నీ కూర్చోమనలేదు. పీజీ డాక్టర్లంటే ఆవిడకి ఒళ్లుమంట. ఒకే లాగిన్‌తో ముగ్గురూ రాయొద్దని నాలుగు ఉత్తరాలు రాశాను, నాలుగింటికీ పైనుంచి చూస్తాం అని జవాబొచ్చింది, ఇప్పుడు మనిషి పోయాక నా దగ్గరికొచ్చారా అంది. గడియారానికి ఆవిడ వెంటనే నచ్చింది.

"ఎర్రగడి చెరపడం తేలికేనా అమ్మా? ఒక్క నొక్కుతో పోతుందా?"

పోదంది. ఎందుకు చెరుపుతున్నారో కారణం రాయమని ఒక పెట్టె తెరుచుకుంటుంది. కనీసం అయిదు అక్షరాలు కొడితేగాని వదలదు. ఆ మందుతో ఈ మందు పడదు లాంటి హెచ్చరికలన్నిటికీ అదే పెట్టె. రోజుకి వంద సార్లు తెరుచుకుంటుంది. "చదివి రాస్తారనుకుంటున్నారా? తోచిన మీట అయిదుసార్లు నొక్కి పోతారు. ఒకడు చుక్కలు, ఒకడు సున్నాలు. చూడండి."

తెర మీద ఆ వార్డు ఆరు నెలల కారణాలు వరసగా దిగాయి. చుక్కలు, సున్నాలు, చుక్కలు. వాటి మధ్య అక్కడక్కడా నిండు వాక్యాలు. 'రోగి బరువు మళ్లీ తూచి, మోతాదు తగ్గించి రాశాను.' 'పాత ఎలర్జీ చీటీ ఇంకొకరిదని కుటుంబాన్ని అడిగి నిర్ధారించుకున్నాను.' ఆ వాక్యాలు ఎవరివో గడియారం అడగలేదు.

"నిన్న ఏడూ నలభైరెండుది?"

ఆవిడ వేలు పెట్టి చూపించింది. ఐదు సున్నాలు.

"ఇదీ ఒక సాక్ష్యమేనా?" ఇన్‌స్పెక్టరు ఎగతాళిగా అన్నాడు. "హత్య చేసేటప్పుడు కూడా వ్యాసం రాయాలా? సున్నా ఎవరైనా నొక్కొచ్చు. నేనూ నొక్కొచ్చు."

ఆ మాట నిజమే. లాగిన్లు కలిసిపోయిన చోట చుక్కల మనిషి ఎవరో, సున్నాల మనిషి ఎవరో కంప్యూటర్ చెప్పలేదు. గడియారం గదంతా కలియజూశాడు. గోడకి ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ ఒకటి ఉంది. పెద్ద డాక్టరుగారిది. ఆన్‌లైన్ వైద్య గ్రంథాలయంలో ఏడాది పొడుగునా చదివి ముప్ఫై పాయింట్లు సంపాదించినందుకు.

పాయింట్లు.

"ఆయనకి కంప్యూటర్ బాగా వచ్చనుకుంటాను," అన్నాడు.

ఆవిడ మొదటిసారి నవ్వింది. ఆయన కీబోర్డు మీద వేలు పెట్టగా ఇరవై ఏళ్లలో చూడలేదంది. డాక్టరుగా లైసెన్సు కొనసాగాలంటే ఏటా కొన్ని పాయింట్లు చూపించాలి. ఆన్‌లైన్లో ఒక విషయం చదివితే అర పాయింటు. అందుకని ఆయన ఖాతా తెరిచి రోజుకొక పీజీ చదివిపెడతాడు. ఎవరి వంతు ఏ రోజో పైన గదిలో కాగితం కూడా అతికించుకున్నారు. తమకేదైనా వెతుక్కోవాల్సింది ఉన్నా అందులోనే వెతుక్కుంటారు, రెండు పనులూ అయిపోతాయి. పాయింటు ఊరికే పడదు. చదివింది మీ పనిలో ఎలా ఉపయోగపడుతుందో రాయమని అక్కడా ఒక పెట్టె ఉంటుంది.

"కనీసం అయిదు అక్షరాలు," అన్నాడు గడియారం.

"మీకెలా తెలుసు?"

"తియ్యండి."

క్యారమ్స్ ఆడేవాళ్ల లెక్క తెర మీదికి వచ్చింది. సోమవారాలన్నీ చుక్కలు. బుధవారాలన్నీ పేరాలు పేరాలు. మంగళవారాలన్నీ, ఒక్కటీ తప్పకుండా, ఐదు సున్నాలు. ఇన్‌స్పెక్టరు దగ్గరికి జరిగాడు. మంగళవారం ఎవరిదో అతనూ ఆ గోడ మీద చూశాడు.

"మొన్నటి మంగళవారం," గడియారం గొంతు తగ్గింది.

మొన్నటి మంగళవారం, మధ్యాహ్నం మూడూ ఇరవై. మాస్టారు అడిగిన రోజే. చదివిన విషయం, పెన్సిలిన్ పడనివారికి దాన్ని నరంలోకి ఇస్తే ప్రాణం పోవడానికి పట్టే సమయం. చదివినవారికి అర పాయింటు. మీ పనిలో ఎలా ఉపయోగపడుతుంది? ఐదు సున్నాలు.

చంపడానికి మందు వెతుక్కున్నవాడు, బయటికి పోయేటప్పుడు చేతి అలవాటు కొద్దీ దానికీ పాయింటు వేయించుకుని పోయాడు.

"ఊపిరి పరీక్షల అంకెలు ఎవరికి కావాలి?" గడియారం అడిగాడు.

థీసిస్ రాసేవాళ్లకి అంది ఆవిడ. అది చివరి ఏడాది వాళ్ల పని. ఈ వార్డులో చివరి ఏడాది సీనియర్ ఒక్కడే.

ఇన్‌స్పెక్టరు జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. తప్పు ఒప్పుకునే మనిషి కాదు. "వాణ్ణి కూడా ప్రశ్నిస్తాను," అన్నాడు ముభావంగా. "అంతవరకూ ఆ పిల్ల..."

"ఇదేంటి?" అంది ఆవిడ.

పక్క తెర మీద ఇన్‌స్పెక్టరు కాగితం ప్రకారం ముట్టుకోకుండా వదిలేసిన లాగిన్ జాబితా ఉంది. నిన్నటి నుంచి కదలని ఆ జాబితా అడుగున కొత్త వరసలు దిగి ఉన్నాయి. నాలుగో పడక. మూడూ నలభైనాలుగు, ఎర్రగడి చెరపబడింది. కారణం, ఐదు సున్నాలు. మూడూ నలభై అయిదు, పెన్సిలిన్ ఇంజక్షన్, మొదటి మోతాదు నాలుగింటికి.

రాసినవారు, రెండుసార్లు. తన మందు తనే రాసుకుని పోయిన హంతకురాలు. కేసు మూసేయడానికి ఇంతకన్నా ఏం కావాలి?

గడియారం వాచీ చూశాడు. మూడూ యాభై రెండు.

"నీ సాక్ష్యం," అన్నాడు బావమరిదితో. "ముట్టుకోవద్దన్నావు."

*

ఆవిడ వార్డుకి ఫోన్ చేస్తూనే ఉంది. ఎంగేజ్. కానిస్టేబుల్ ఫోను వార్డులో మోగకూడదని సీనియర్ మర్యాదగా అడిగి ఆపించాడట, అది తర్వాత తెలిసింది. రెండంతస్తులు, నలభైనాలుగు మెట్లు. యాభై నాలుగేళ్ల గడియారం, నలభై ఒక్క ఏళ్ల ఇన్‌స్పెక్టరు పక్కపక్కన పరుగెత్తారు. మొదటి మలుపులో ఒకరి మోచెయ్యి ఒకరికి తగిలింది, ఈసారి కావాలని కాదు. వరండాలో ఎక్స్‌రే కవర్ల వాళ్లు కాళ్లు ముడుచుకున్నారు.

నర్సు నాలుగో పడక తెర లోపల నిలబడి ఉంది. చేతిలో సిరంజి. సూది సెలైను గొట్టానికి జానెడు దూరంలో ఉంది.

"ఆగమ్మా," అన్నాడు గడియారం. మిగతా మాటకి ఊపిరి చాల్లేదు.

"ఆగే ఉన్నాను సార్," నర్సు విసుగ్గా అంది. "ఈవిడ ఇవ్వనిస్తేగా."

ఆ పిల్ల కళ్లు సగమే తెరుచుకున్నాయి. సెలైనులో నిద్రమందు కలిపి ఉంది. అయినా గొట్టాన్ని మాత్రం పిడికిట్లో మడిచి పట్టుకుంది. నర్సు చెప్పింది. సూది తీస్తుంటే ఏం మందని అడిగారు, చెప్పాను. మత్తులో మర్చిపోయారేమో, మళ్లీ అడిగారు, మళ్లీ చెప్పాను. ఎర్రగడి చూడమన్నారు, ఖాళీగా ఉందన్నాను. మధ్యాహ్నం నువ్వే కదా నింపావు అన్నారు. నింపింది నేనే సార్. అదే ఎలా పోయిందో అర్థంకాక నిలబడ్డాను.

మూడూ యాభై ఏడు. ఇన్‌స్పెక్టరు ఆ సిరంజి తీసుకుని రుమాల్లో చుట్టాడు. స్టూలు మీది కానిస్టేబుల్ లేచి నిలబడితే, వాడి వైపు చూడలేకపోయాడు. బావ వైపూ చూడలేకపోయాడు.

గడియారం చూస్తున్నది గాజు తలుపు వైపు.

తలుపు అవతల, డ్యూటీ గదిలో, మధ్య కంప్యూటర్ ముందు ఒక తెల్లకోటు వీపు. చేతులు చకచకా ఆడుతున్నాయి. తెర వెనక ఈపాటికి అంతా అయిపోయి ఉంటుందన్న ధీమా ఆ భుజాల్లో ఉంది. గడియారం తలుపు చప్పుడు కాకుండా తోశాడు. వెనక ఇన్‌స్పెక్టరు వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు, అడక్కుండానే.

తెర మీద పైన రెండుసార్లు పేరు. కింద ఆమె చివరి నోటు. మాస్టారి పరీక్షలు తానే దొంగగా రాశానని, ఆయన బయటపెడతాడని భయపడి ఎర్రగడి చెరిపానని, ఆ పాపం మోస్తూ బతకలేక తన మందు తానే రాసుకుంటున్నానని, అక్క తనని క్షమించాలని. వాక్యాలు నిండుగా, తప్పుల్లేకుండా, ఓపిగ్గా ఉన్నాయి. ఇంకా రాస్తూనే ఉన్నాడు.

గడియారం వంగి, అతని భుజం మీదుగా చివరిదాకా చదివాడు.

"కారణం రాయమంటే ఎప్పుడూ ఐదు సున్నాలు కొట్టి ఊరుకునేవాడివి," అన్నాడు. "ఈసారి ఇంత పొడుగ్గా రాస్తున్నావేం నాయనా?"

కీబోర్డు మీద చేతులు ఆగిపోయాయి.